శౌరివారి చేయి, వైద్యుల సాక్ష్యం

సంపాదకులకు నమస్కారములు.

పునీతుల అవశేషాల (వారి ఎముకలు, దేహభాగాల) గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, పూర్వం కథోలిక సంఘం రోగులను వైద్యుల దగ్గరకు పోనివ్వక ఎముకల ముందు మోకరిల్లజేసిందని రాశారు. అదే వారం మా పర్లాకిమిడి బస్టాండులో నా చేతికి వచ్చిన ఒక కరపత్రం, గోవాలో శౌరివారి (పునీత ఫ్రాన్సిస్ జేవియర్) దేహమున్న పేటికకు తాకించిన గుడ్డముక్క ఇంట్లో ఉంటే షుగరు మాత్రలతో పని లేదని చెప్పింది. ఒకరు తిట్టడానికి, మరొకరు పిలవడానికి రాసినా, ఇద్దరూ నమ్మిన చరిత్ర ఒక్కటే. అది సరైనది కాదు.

1563 డిసెంబరులో కథోలిక పీఠాధిపతుల ట్రెంట్ మహాసభ, అవశేషాల ద్వారా దేవుడు మనుషులకు మేలు చేస్తాడన్న విశ్వాసాన్ని నిలబెడుతూనే, మేత్రాణులు (బిషప్పులు) విచారించి ఆమోదించనిదే కొత్త అవశేషాన్ని గానీ కొత్త అద్భుతాన్ని గానీ అంగీకరించరాదని కట్టడి చేసింది. ఆ కట్టడి ఎలా నడిచిందో 1624లో సిసిలీ దీవిలోని పలెర్మో నగరం చూపుతుంది. నగరాన్ని మహమ్మారి చుట్టుముట్టిన ఆ వేసవిలో పెల్లెగ్రీనో కొండగుహలో దొరికిన ఎముకలు పూర్వకాలపు ఏకాంత సన్యాసిని పునీత రొసాలియావేనని జనం నమ్మారు. అక్కడి అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) దోరియా మాత్రం వాటిని వైద్యులకు, వేదశాస్త్ర పండితులకు చూపించి, 1625 ఫిబ్రవరిలో గానీ ఆమోదించలేదు. ఊరేగింపు జూన్‌లో జరిగింది. ఇటు రోగులను వేరుగా ఉంచే ఏర్పాట్లూ సాగాయి. చావులు లెక్కపెట్టుకుంటున్న జనం ముందు అన్ని నెలలు ఆగడం చిన్న విషయం కాదు.

ఇక శౌరివారు. మన కథోలికుల ఇళ్ళలో శౌరయ్య, శౌరమ్మ అన్న పేర్లకు మూలమైన ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో చైనా తీరపు దీవిలో మరణించగా, 1554లో ఆయన దేహాన్ని గోవాకు చేర్చారు. 1614లో కుడి ముంజేతిని కోసి రోముకు పంపారు (వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలను ఎరిగిన మాకు ధాతుపూజ, అంటే అవశేషాల పూజ, వింత కాదు గానీ, ఈ కోత నాకు ఇప్పటికీ మింగుడుపడదు). నేపుల్స్‌లో తలపై సుత్తి పడి మృత్యుముఖంలో ఉన్న మస్త్రిల్లి అనే జెసూయిట్ (యేసు సభ) గురువు 1634లో శౌరివారి అవశేషాన్ని తాకించుకుని స్వస్థుడయ్యాడని ప్రసిద్ధి. అక్కడ కూడా ముందు వైద్యులు వచ్చారు. వారు ఆశ వదులుకున్న తరువాతనే అవశేషం వచ్చింది.

అతి జరగలేదని నేను అనను. జెసూయిట్ సభను స్థాపించిన ఇన్నాసివారి (పునీత ఇగ్నేషియస్) అవశేషాన్నో పతకాన్నో ముంచిన తీర్థాన్ని జ్వరాలకు పంచారు. 1578లో రోము భూగర్భ సమాధులు బయటపడ్డాక, పేరు తెలియని ఎముకలకు కూడా వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారి) పేర్లు పెట్టి ఆల్ప్స్ పర్వతాలు దాటించారు. కానీ 1734 నుంచి 1738 వరకు వెలువడిన, పునీతులను ప్రకటించే విచారణపై రాసిన గ్రంథంలో, తరువాత పోపు అయిన లంబెర్తీని, స్వస్థతను అద్భుతమనాలంటే జబ్బు తీవ్రమైనదై ఉండాలని, మందు వల్ల తగ్గినదై ఉండకూడదని, నయం కావడం హఠాత్తుగా, పూర్తిగా జరగాలని, మళ్ళీ తిరగబెట్టకూడదని నియమాలు కూర్చాడు. మందు పనిచేసిందో లేదో తేల్చాలంటే వైద్యుని సాక్ష్యం కావాలి. మాత్రలు మానెయ్యమన్న కరపత్రం ఆ విచారణలో మొదటి పూటకే వీగిపోయేది.

కావున వ్యాసంలోని ఆ వాక్యాన్ని సవరించవలసిందిగా, ఇటువంటి కరపత్రాలను ప్రకటనలుగా ఇవ్వజూపితే మీ జిల్లా పేజీల్లో చోటివ్వవద్దని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.