కవరు మీద పేర్లు

అమ్మలూ,

నువ్వు పంపిన కొత్త ఆల్బమ్ కవరు బొమ్మ, పాటల లిస్టు నిన్న రాత్రే చూశాను. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి మళ్ళీ ఆపేశాను. ఎందుకంటే నేను సగం చెప్పేలోపు నువ్వు "నాన్నా, అది రూల్" అంటావు, నేను "సరేలే" అంటాను, అక్కడితో ఆ మాట అయిపోతుంది. ఈసారి అలా అయిపోకూడదు. శుక్రవారం అప్‌లోడ్ చేస్తానన్నావు కదా, ఇది మొత్తం చదివాకే చెయ్యి.

బొమ్మ చాలా బాగుంది. ఎర్రమట్టి దిబ్బలు, వెనకాల తాటిచెట్లు, ఆ సాయంత్రపు రంగు. మీ అమ్మ ఫోన్ లాక్కుని పక్కింటావిడకి కూడా చూపించింది. తొమ్మిది పాటలూ వరసగా చదువుకుంటూ వచ్చి నాలుగో పాట, ఏడో పాట దగ్గర ఆగిపోయాను. రెండిటికీ ఎదురుగా "సాంప్రదాయ జానపదం" అని ఉంది, ఆర్టిస్టు దగ్గర నీ పేరు ఒక్కటే ఉంది. ఆ రెండూ పాడిన, ఎస్.కోట అవతల ఊళ్ళో పెద్దాయన పేరు ఎక్కడుందా అని వెతికితే చిట్టచివర థాంక్స్ లిస్టులో దొరికింది, మీ ఆఫీసు వాళ్ళ పేర్ల మధ్యన, మైకు అరువిచ్చిన అబ్బాయి కింద.

ఆయన పాట రికార్డు చేసిన రోజు నేనూ మీతోనే ఉన్నాను. ఫ్యాను ఆపేసి, కోళ్ళని అవతల వీధిలోకి తోలేసి, కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే రికార్డు చేశావు. నువ్వు ఆయన చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, లయ తప్పకుండా టిక్ టిక్ మని కొట్టే ఆ క్లిక్ వినిపించావు. రెండు ఆవర్తాలు విని తీసేసి, "ఇదేటి పాపా, గడియారం లాగ కొట్టుకుంటాది, నేనాగితే ఇదాగదా?" అన్నారు. నువ్వు వాదించలేదు. క్లిక్ లేకుండానే పాడించుకుని, బెంగళూరు వెళ్ళాక మూడు వారాలు ప్రతి దెబ్బకీ చేత్తో గుర్తు పెట్టుకుంటూ, ఆయన జముకు నడకకి నీ కీబోర్డునీ బేస్‌నీ లొంగదీశావు. డోలక్ మీద నలభై ఏళ్ళు చెయ్యేసినవాణ్ణి, నాకు తెలుసు అది ఎంత కష్టమో. జముకులో తోలు మధ్యలోంచి లాగిన తీగని ఒక చేత్తో బిగిస్తూ వదులుతూ ఇంకో చేత్తో మీటితే శృతి ఎక్కడ ఎక్కుతుందో ఎక్కడ దిగుతుందో వాయించేవాడికి తప్ప ఇంకెవడికీ అందదు, అలాంటి వాద్యం వెనకాల నువ్వు నడిచావు. ఆయన్ని నీ వెనకాల నడిపించాలని చూడలేదు. అందుకే నాలుగో పాట వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మరి పాటలో ఆయన ముందూ నువ్వు వెనకా నడిచి, కవరు మీద నువ్వొక్కదానివే ఎలా ఉంటావమ్మా?

ఇది నీకు ఎందుకు చెబుతున్నానో చెప్పాలంటే నా కేసెట్టు సంగతి చెప్పాలి. నీకు సగమే తెలుసు, మిగతా సగం మీ అమ్మకి కూడా ఈ మధ్యే చెప్పాను.

1994లో మా ఆర్కెస్ట్రా వాళ్ళం సింహాద్రి అప్పన్న మీద ఎనిమిది పాటలు కేసెట్టు చేశాం. నేను పోర్టులో గుమాస్తాని, మిగతావాళ్ళలో ఇద్దరు స్టీల్‌ప్లాంటు, ఒకాయన బడిపంతులు. చవితి పందిళ్ళలో, పెళ్ళిళ్ళలో వాయించగా వచ్చిన డబ్బు దాచుకుని అద్దె స్టూడియోలో ఒక్క రోజులో కొట్టేశాం. అప్పుడు మీలాగ ఒక్కో ట్రాకు విడివిడిగా తీసుకోవడం మాకు లేదు, అందరం ఒకేసారి వాయించాలి, ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. ఎనిమిదిలో నాలుగు పాటలకి బాణీ కట్టింది కంచరపాలెం మావయ్య. నువ్వు చిన్నప్పుడు ఆయన హార్మోనియం బెల్లోస్ పట్టుకుని వేలాడేదానివి. కేసెట్టులో పెట్టే ఇన్‌లే కార్డుకి మ్యాటర్ రాసి ప్రెస్‌లో ఇచ్చింది నేను. ప్రెస్సాయన నాలుగు లైన్ల కన్నా పట్టదన్నాడు. గాయకుడి పేరు, అమ్మిపెట్టే షాపు పేరు, ధర, "రచన, సంగీతం: సాంప్రదాయం". అంతే, నాలుగు లైన్లూ నిండిపోయాయి. నా పేరు కూడా తీసేశాను కదా, అందరం స్నేహితులమే కదా, ఎవరేమనుకుంటారు అనుకున్నాను. ఒక్కమాట మావయ్యని అడగలేదు.

ఆ ఏడు చందనోత్సవానికి సింహాచలం కొండ కింద తొలిపావంచా దగ్గర బాగానే అమ్ముడైంది. మాస్టర్ టేపు, అంటే అసలు రికార్డింగు, షాపులోనే ఉండిపోయింది, కాగితం ఏమీ రాసుకోలేదు. రెండేళ్ళ తర్వాత ఆషాఢంలో గిరి ప్రదక్షిణకి మావయ్య నడుస్తూ అప్పుఘర్ దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్ళ పందిట్లో మైకులో ఆయన బాణీ వినిపించిందట. ఆగి కొన్నాడు. కొత్త కవరు, కొత్త పేరు, కొత్త గాయకుడి ఫొటో, లోపల మా పాటలే. షాపు వాళ్ళని అడిగితే "సాంప్రదాయం అని మీ వాళ్ళే రాసిచ్చారు కదా, సాంప్రదాయానికి ఓనరెవరు?" అన్నారు. ఆ మాటకి మా దగ్గర సమాధానం లేదు, ఆ కార్డు రాసింది నేనే. మావయ్య ఆ తర్వాత మాతో వాయించలేదు. పోట్లాడలేదు కూడా, ఎదురుపడితే పలకరించేవాడు, కానీ హార్మోనియం పెట్టె మాత్రం మళ్ళీ తెరవలేదు.

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్‌లో, వాళ్ళింటి పైకప్పు రేకులు ఎగిరిపోయాయంటే నేనూ ఇంకో ఇద్దరం వెళ్ళాం. తడిసిన సామాను బయటికి తీస్తుంటే ఆయన భార్య ఒక రేకు డబ్బా నా చేతికిచ్చింది. అందులో మా మొదటి కేసెట్టు ఉంది. కార్డు మీద "సాంప్రదాయం" అన్న మాటని బాల్‌పెన్‌తో గీతగీసి కొట్టేసి, పక్కన సన్నటి అక్షరాలతో "స్వరకల్పన" అని, దాని కింద తన పేరు తనే రాసుకున్నాడు. నేను చూశానని ఆయనకి చెప్పలేదు. ఆయన పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

అందుకే నీ లిస్టులో "సాంప్రదాయ జానపదం" అని చూడగానే నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నువ్వు అనేది కూడా నాకు అర్థమవుతోంది. ఈ రెండు పాటలూ ఎల్లమ్మ కథలోవి, ఆ కథ అందరిదీ, దానికి ఒక రచయిత లేడు, అప్‌లోడ్ ఫారంలో కంపోజర్ గడిలో సాంప్రదాయం అనే రాయాలి, అది నిజం. కానీ ఆర్టిస్టు గడి వేరు కదా. పాట తాతలనాటిది కావచ్చు, ఆ గొంతు మాత్రం ఆయనది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ కూడా హక్కులు గట్టిగా రాశారు, ఆ ప్రదర్శన ఎవరిదో చెప్పించుకునే హక్కుతో సహా. ప్రదర్శన మీద పాడినవాళ్ళ హక్కు 50 ఏళ్ళు ఉంటుంది. నేను కోర్టు దగ్గర తెలిసిన ప్లీడరుగారిని కూర్చోబెట్టి మరీ అడిగి తెలుసుకున్నాను.

ఇంకొకటి, ఏడో పాటలో మూడో చరణం మళ్ళీ విను. కొబ్బరిచెట్లు జుట్టు విరబోసుకుని పడుకున్నాయి అని వస్తుంది చూడు, అది ఎల్లమ్మ కథలో లేదు. ఆ హుద్‌హుద్‌కి వాళ్ళ తోట పడిపోయినప్పుడు ఆయన సొంతంగా కట్టుకున్న చరణం. అది జానపదం ఎలా అవుతుంది, కట్టినాయన మన ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే? దానికి రచయితగా ఆయన పేరు పడాలి. రాసినవాడి హక్కు బతికున్నంత కాలమూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ ఉంటుంది, అంటే ఆయన మనవడి పిల్లల దాకా వెళ్తుంది. పాటలు రాసినవాళ్ళకీ బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్‌లో నువ్వు మెంబరువి, ఆ పాట అక్కడ రిజిస్టర్ చేసేటప్పుడు మాటల వాటాలో ఆయన పేరు కూడా రాయి, ఆయన్ని మెంబరుగా చేర్పించే పని నేను చూసుకుంటాను.

డబ్బు సంగతి. నీ మొదటి ఆల్బమ్‌లో ఏడు పాటలుంటే ఐదు పాటలకి స్పాటిఫై నుంచి రూపాయి రాలేదని చెప్పావు, 2024 నుంచి ఏడాదిలో 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకి ఇవ్వడం మానేశారని. అలాంటప్పుడు "వస్తే సగం ఇస్తాను తాతా" అని ఆయనకి చెప్పడం ఏమీ ఇవ్వకపోవడంతో సమానం. రికార్డింగ్ రోజుకి చేతిలో డబ్బు పెట్టావు, మంచిపని చేశావు, కానీ నువ్విచ్చింది ఒక్క రోజు కూలి లెక్కన ఉంది, రెండు రోజులు పాడారు. రెండో రోజుది నేను ఇచ్చి వచ్చాను, నాకు తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇక పాటలు నేరుగా అమ్మే బ్యాండ్‌క్యాంప్ సైటులో కొన్నవాళ్ళ డబ్బులో సైటువాళ్ళ 15 శాతం, పేమెంటు ఛార్జీలూ పోగా మిగిలింది నీకే వస్తుంది కదా, అందులో ఈ రెండు పాటల వంతు ఎంతవుతుందో లెక్కకట్టి సగం మనవడి ఫోన్‌పేకి మూడు నెలలకోసారి పంపు. ఇది తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఆయనకి చదివి వినిపించి, సంతకం పెట్టించుకుని, ఒక కాపీ ఆయనకివ్వు. కాగితం అంటే నమ్మకం లేదని ఆయన అనుకుంటారేమో అని నువ్వు మొహమాటపడుతున్నావు. మా అందరికీ ఒకరిమీద ఒకరికి చాలా నమ్మకం ఉండేది అమ్మా, కాగితమే లేదు.

ఆ బెంగళూరు గిటారబ్బాయితో రెండో ఆల్బమ్ చేసినప్పుడు నువ్వు ఎంత పద్ధతిగా ఉన్నావో నాకు గుర్తుంది. అతను 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో రికార్డు చేసిన ఫైలు నీ దగ్గర 44.1లో తెరుచుకుని, పాట మొత్తం నిదానించి, శృతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం కిందికి మునిగిపోతే, రాత్రి పన్నెండుకి నాకు ఫోన్‌లో వినిపించి "నాన్నా, ఏమైంది దీనికి?" అని ఏడ్చావు. అప్పుడు ఇద్దరూ కూర్చుని ఫైలు ఎలా పంపాలి, ఎవరిది ఎంత వాటా, ఎవరి పేరు ముందు రావాలి, అన్నీ మెయిల్‌లో రాసుకున్నారు. అతని పేరు నీ పేరు పక్కనే సమానంగా పడింది. అతనికి మెయిల్ ఉంది, ల్యాప్‌టాప్ ఉంది, అడగడం తెలుసు. ఈ పెద్దాయన అడగరు. నీకు బాధ కలిగినా సరే, ఈ మాట రాయకుండా ఉండలేకపోయాను.

నువ్వు ఏ కంపెనీకీ ఇవ్వకుండా సొంతంగా విడుదల చేస్తానన్నప్పుడు మీ అమ్మ టెన్షన్ పడింది, నేను మాత్రం లోపల సంతోషపడ్డాను. మాస్టర్ నీ దగ్గరే ఉంటుంది, మాకు జరిగినట్టు ఎవడూ కవరు మార్చి అమ్ముకోలేడు. కానీ సొంతం అన్నాక ఆ కార్డు మ్యాటర్ రాసేది కూడా నువ్వే. మేమైనా ప్రెస్సాయన మీదకో షాపు మీదకో తోసేశాం కొన్నాళ్ళు. నీకైతే నాలుగు లైన్లే అని చెప్పేవాడు కూడా లేడు, ఎన్ని పేర్లయినా పడతాయి. ఒకసారి ఎక్కాక మార్చాలంటే అన్ని చోట్లా మారడానికి రోజులు పడుతుందని నువ్వే అన్నావు, కాబట్టి ఇప్పుడే.

ఈ పొద్దున నేను ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఎస్.కోట బస్సెక్కి వెళ్ళొచ్చాను. నీతో చెప్పకుండా వెళ్ళినందుకు కోప్పడకు. ఆయన్ని ఒక్కటే అడిగాను, కవరు మీద మీ పేరు ఎలా రాయమంటారు అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంటిపేరు ముందు రావాలన్నారు, చివర ఊరి పేరు ఉండాలన్నారు. లోపలికెళ్ళి మళ్ళీ వచ్చి, "వంత పాడినోడు మా తమ్ముడు, ఆడి పేరు లేకపోతే నా పేరూ వద్దు బాబూ" అన్నారు. తమ్ముడి పేరు నీ థాంక్స్ లిస్టులో కూడా లేదు, నేను కూడా గమనించలేదు. బస్సెక్కుతుంటే వెనకాలే వచ్చి, పాట మధ్యలో దగ్గొచ్చింది కదా, అది తీసేశారా అని అడిగారు. ఉంచిందండీ అన్నాను. ఊరంతా వినిపిస్తుందేమో అని నవ్వారు.

ఇద్దరి పేర్లూ ఆయన మనవడి చేత కాగితం మీద రాయించి తెచ్చాను, ఫొటో నీ వాట్సాప్‌కి పంపాను. ఇంటిపేరులో 'ళ' ఉంది, 'ల' కాదు. ఇంగ్లీషులో ఎలా రాస్తావో టైప్ చేసి పంపు, ఆ అబ్బాయి ఆధార్ కార్డు చూసి సరిచేస్తానన్నాడు. పదకొండు దాకా మెలకువగానే ఉంటాను.

నాన్న