యూరిన్ రిపోర్టు దగ్గర ఆగిన తమ్ముడికి, ఇంకొందరికి

అందరికీ నమస్కారం. కిడ్నీ జబ్బు నుంచి కోలుకుంటున్నాను, నిన్న నిచ్చెన ఎక్కాను. నాలుగు మెట్లే అనుకోండి, కానీ గోడ పట్టుకోకుండా ఎక్కాను.

2017లో రక్తదానానికి వెళ్తే నాకు హెపటైటిస్ బి ఉందని బయటపడింది. అప్పటినుంచి రోజూ రాత్రి టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర. మందు దాని పని అది చేసింది, వైరస్ టెస్టులో కనబడనంతగా తగ్గింది. తప్పు నాదే. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష), యూరిన్ కూడా చూపించుకుంటూ ఉండమన్నారు. డబ్బులు దండగని నేనే ఎగ్గొట్టాను.

పోయినేడు మడమలు, తుంటి, పక్కటెముకలు ఒకటే నొప్పి. కరెంటు పని, రోజంతా నిచ్చెన మీదే ఉంటావు కదా అన్నారు. నొప్పి మాత్రలు మింగుతూ పోయాను. అవి కిడ్నీకి ఇంకా చేటని తర్వాత తెలిసింది.

మా వీధి చివర ల్యాబ్ తమ్ముడు రిపోర్టు ఇవ్వబోయి ఆగాడు. పరగడుపున రక్తంలో షుగర్ 92. యూరిన్‌లో మాత్రం షుగర్ మూడు ప్లస్‌లు, అంటే చాలా ఎక్కువ. కొత్త డబ్బా విప్పి ఇంకో టెస్టు స్ట్రిప్ యూరిన్‌లో ముంచాడు. మళ్లీ అదే రంగు. "అన్నా, నీకు షుగర్ లేదు. మరి ఇందులోకి ఎలా వస్తోంది? కిడ్నీ డాక్టర్‌కి చూపించు, రేపే" అన్నాడు.

విజయవాడలో డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీ వడపోశాక ఒంటికి కావలసిన చక్కెర, ఫాస్ఫరస్‌ని సన్నటి గొట్టాలు వెనక్కి లాక్కోవాలి. నేను వేసుకునే టెనోఫోవిర్ కొందరిలో ఆ గొట్టాలనే దెబ్బతీస్తుందట. ఫాన్‌కోని సిండ్రోమ్ అంటారు. ఫాస్ఫరస్ 2.5 పైన ఉండాలి, నాది 1.6. ఎముకల నొప్పి అందుకే. క్రియాటినిన్ కూడా పెరిగి 1.9 అయింది.

ఆ మాత్రలు ఇవాళే పారేస్తానన్నాను. ఆవిడ కేకేసినంత పని చేశారు. ఇంకో మందు మొదలుపెట్టకుండా ఆపేస్తే వైరస్ తిరగబెట్టి లివర్ మీదికి వస్తుందట. ఎంటెకావిర్‌కి మార్చారు. నా కిడ్నీ తీరును బట్టి రోజు విడిచి రోజు, ఖాళీ కడుపుతో. వేసుకోవాల్సిన రోజుకి మా ఆవిడ క్యాలెండర్‌లో పసుపు బొట్టు పెడుతుంది. ఇప్పుడు క్రియాటినిన్ 1.4, యూరిన్‌లో షుగర్ లేదు.

డాక్టరమ్మకి దండం. చీటీ లేనిదే నొప్పి మాత్ర ఇవ్వనని నన్ను తిప్పి పంపిన మందుల షాపు అన్నకి (ఆ రోజు తిట్టుకున్నాను, క్షమించన్నా). నేను ఒప్పుకున్న ఇంటి వైరింగ్ మొత్తం పూర్తి చేసి, కూలి డబ్బులు కవర్లో పెట్టి మా ఇంట్లో ఇచ్చిపోయిన తోటి పనివాళ్లకి ఏమని చెప్పను? పసరు మందు వేయిస్తామన్న బంధువులకూ దండమే. ప్రేమతోనే అన్నారు, కానీ ఇక ఆ మాట ఎత్తకండి.

ల్యాబ్ తమ్ముడూ, శుక్రవారం మళ్లీ టెస్టుకి వస్తున్నా. ఆ రెండో స్ట్రిప్ డబ్బులు ఈసారైనా తీసుకో.