12 వారాల తర్వాత రెండో పరీక్ష మరవొద్దు

సంపాదకుల వారికి,

చిన్న వయసులో పక్షవాతం వచ్చినా, కాలి సిరలో రక్తం గడ్డకట్టినా, గర్భం పదేపదే పోతున్నా కర్నూలులో వైద్యులు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ (ఒంట్లోని యాంటీబాడీలే రక్తం గడ్డకట్టించే జబ్బు) ఉందేమోనని పరీక్షలు రాస్తున్నారు. మంచిదే. రక్తం తీసే తీరు, తీసే వేళ సరిగా లేకపోతే మాత్రం ఆ రిపోర్టుకు విలువ లేదు.

ఈ జబ్బులో యాంటీబాడీలు ముఖ్యంగా మన రక్తంలోని బీటా-2 గ్లైకోప్రోటీన్-1 అనే ప్రోటీన్ మీద తిరగబడతాయి. రక్తనాళాల లోపలి పొరను, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి. ఆ ప్రోటీనే చెడిన ఎల్‌డీఎల్ కొవ్వుకూ అతుక్కుంటుంది. ఆ జంటకు యాంటీబాడీ తోడైతే మాక్రోఫేజ్ కణాలు (చెత్తను మింగే రక్షక కణాలు) ఆ కొవ్వును మరింతగా మింగి నురుగు కణాలవుతాయి. ధమనుల్లో పూడికకు అదొక దారి. ఈ యాంటీబాడీలు తరచూ కనిపించే లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉన్న ఆడవాళ్లకు ఛాతీనొప్పి వస్తే, వయసు చిన్నదని, కొలెస్ట్రాల్ బాగుందని ‘గ్యాస్’ కింద తోసేయకూడదు.

పరీక్షలు మూడు. యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2లకు సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) చాలు, పేచీ లేదు. చిక్కంతా మూడోదైన లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌తోనే; గడ్డకట్టే సమయాన్ని కొలిచి యాంటీబాడీని పట్టే పరీక్ష ఇది. నీలిమూత ట్యూబులో 3.2 శాతం సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఒక పాలుంటే రక్తం 9 పాళ్లు పడాలి. అంటే 0.3 మి.లీ.కి 2.7 మి.లీ., సరిగ్గా గీత దాకా. తక్కువ పడితే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే సమయం లేనిపోనిదిగా పెరుగుతుంది. 4 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో రెండుసార్లు తిప్పి, ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు 10 వేల కంటే దిగాకే ప్లాస్మాను (కణాలు తీసేసిన రక్తద్రవాన్ని) ఫ్రీజ్ చేయాలి. ఒక్కసారే తిప్పితే మిగిలిన ప్లేట్‌లెట్లు ఫ్రీజింగులో పగులుతాయి. వాటిలోని ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు యాంటీబాడీని కట్టేస్తుంది, జబ్బున్నా నెగటివ్ వస్తుంది. మే నెలలో మామూలు డబ్బాలో పెట్టి హైదరాబాదు బస్సెక్కించిన శాంపిల్ సంగతి ఇక చెప్పేదేముంది!

హెపారిన్, వార్ఫరిన్, రివరోక్సాబాన్ వంటి రక్తాన్ని పలుచన చేసే మందులు వాడుతుండగా తీసిన రక్తం తప్పుదారి పట్టిస్తుంది. వీలైతే మందుకు ముందే తీయాలి. కుదరకపోతే ఏ మందు, చివరి డోసు ఎన్ని గంటలకో ఫారం మీద రాయాలి. పరీక్ష కోసమని రోగి తనంతట తాను మందు ఆపకూడదు. ఈ యాంటీబాడీ ఉన్నవారికి ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయాన్ని చెప్పే పరీక్ష) ట్యూబులో పెరుగుతుంది, ఒంట్లో మాత్రం గడ్డ కడుతుంది. ఆ అంకె చూసి రక్తస్రావం భయంతో పలుచన మందు ఆపడం ప్రమాదం.

సిరలో గడ్డ కట్టినవారికి వార్ఫరిన్‌తో ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలుచనైందో చెప్పే అంకె) 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మూడు పరీక్షలూ పాజిటివ్ అయినవారు నెలనెలా రక్తపరీక్ష తప్పుతుందని రివరోక్సాబాన్‌కు మారకూడదు. ఈ రెండు మందులనూ పోల్చి, 2018లో వెలువడిన ఇటలీ ట్రయల్‌ను, ఆ మందు తీసుకున్నవారిలో గడ్డలు ఎక్కువై, మధ్యలోనే ఆపేశారు. వార్ఫరిన్ వాడేవారు గోంగూర, తోటకూర మానక్కర్లేదు, ఒక వారం బాగా తిని మరో వారం అసలు తినకపోవడమే ఐఎన్‌ఆర్‌ను చెడగొడుతుంది. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే డాక్టరును కలిసి వార్ఫరిన్ నుంచి హెపారిన్‌కు మారాలి.

ఇన్‌ఫెక్షన్ల తర్వాత ఈ యాంటీబాడీలు కొన్నాళ్లు కనిపించి పోతుంటాయి. అందుకే కనీసం 12 వారాల ఎడంతో మళ్లీ పాజిటివ్ వస్తేనే జబ్బని తేల్చాలి. ఆ రెండో పరీక్ష తేదీని డిశ్చార్జి చీటీ మీదే వేసి ఇవ్వాలని జిల్లాలోని ఆసుపత్రులను కోరుతున్నాం.

– రక్తపరీక్షల విభాగం వైద్యులు, కర్నూలు