ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి

అక్కా, మీ పేరు అడగడం కూడా మర్చిపోయాను. ఆ రాత్రి నా టెన్షన్ అలాంటిది.

పుట్టిన 18వ రోజుకీ పాపకు కామెర్లు తగ్గలేదు. పొద్దుటి ఎండ చూపిస్తే పోతాయని అందరూ అన్నారు. మీరు మాత్రం డైపర్ విప్పి చూశారు. విరేచనం సుద్దలా పాలిపోయి ఉంది. ఎన్ని పాలు తాగినా బరువు పెరగడం లేదు, పాప గుండె దడదడ కొట్టుకుంటోంది. నా మెడ మీద గాటు చూసి "ఆపరేషన్ దేనికమ్మా?" అని అడిగారు. గ్రేవ్స్ జబ్బుకు, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బుకు, 4 ఏళ్ల కిందట థైరాయిడ్ గ్రంథి తీసేశారు. మాత్రలతో బాగానే ఉన్నానని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గ్రంథి తీసేసినా, ఆ జబ్బు తెచ్చే యాంటీబాడీలు తల్లి రక్తంలో మిగిలి ఉండొచ్చట. అవి మాయ దాటి బిడ్డ థైరాయిడ్‌ను రెచ్చగొడితే లివర్ కూడా దెబ్బతినవచ్చట. మీరు అప్పటికప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేశారు. రక్తపరీక్షలో అదే తేలింది. స్కాన్‌లో, లివర్ నుంచి పిత్తరసం పేగులోకి వెళ్లే పిత్తనాళాలు బాగానే ఉన్నాయి.

నా యాంటీబాడీలు పాప ఒంట్లోంచి పోయాక, 4వ నెలలో మందులు ఆపేశారు. నిన్న పాప బోర్లాపడింది అక్కా! మీకు చూపించాలని ఎంత ఉందో.