కృష్ణలో ఎవరుంటారు మామా

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? నేను రాస్తున్న నీటి దయ్యాల కథలు ఎంతవరకు వచ్చాయని అడిగావు కదా, రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరమే మొదలెట్టాను. ఈమధ్య ఆఫీసు అవ్వగానే అదే పని, దేశదేశాల నీటి భూతాల గురించి చదవడం.

జపాన్‌వాళ్ల కప్పా సంగతి విను. చిన్నపిల్లాడంత ఉంటుంది, నడినెత్తిన ఒక గుంట, దాంట్లో నీళ్లు, బలమంతా ఆ నీళ్లలోనే. మనం వంగి దణ్ణం పెడితే అదీ మర్యాదకి వంగుతుంది, నీళ్లు ఒలికిపోతాయి, ఇక కదల్లేదు. కీరదోసకాయలంటే ప్రాణమట! పిల్లలు దిగకుండా చెరువుల దగ్గర పెట్టే బోర్డుల మీద ఇప్పటికీ దాని బొమ్మే వేస్తారు. స్కాట్లండ్‌లో కెల్పీ ఉంది, గుర్రంలా ఒడ్డున నిలబడుతుంది, తాకిన చేయి అంటుకుపోతుంది, పిల్లల్ని అలాగే మోసుకుని నీళ్లలోకి దిగిపోతుంది. ఒక కథలో ఓ పిల్లాడు ఒక్క వేలితో తాకి, ఆ వేలు కోసేసుకుని బయటపడతాడు. అది చదివిన రాత్రి నాకు నిద్రే పట్టలేదు.

ఏ నీళ్లలో మనుషులు పోతారో ఆ నీళ్లలోనే భూతం కాపురం పెడుతుంది మామా. అందుకే చేపతోక జలకన్యని తెచ్చి మన కృష్ణలో పడేస్తే అతకదు. ఇక్కడ ప్రాణం తీసేవి ఇసుక గుంటలు. మోకాలి లోతు నీళ్లు, కాలి కింద ఇసుక మెత్తగా తగులుతూ ఉంటుంది, ఇంకో నాలుగడుగులేస్తే పొక్లెయిన్‌తో తవ్వి వదిలేసిన గొయ్యి, పైనుంచి చూస్తే మాత్రం నీళ్లన్నీ ఒకటే మట్టం. వేసవి వస్తే చాలు, ఈతకి దిగిన పిల్లలు పోయారని పేపర్లో చదువుతూనే ఉంటాం. నా కథ ఆ గోతిలోనే.

ఇంకోటి, మన నీళ్లలో ఉండేవాళ్లకి వెనక ఒక బతుకు ఉంటుంది. గజేంద్రుడి కాలు పట్టిన మొసలి హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపంతో అలా అయ్యాడు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకి గండి పడబోతే ఊరి కోసం బలైన కోడలు ముసలమ్మని అక్కడ దేవతగా కొలుస్తారు. మొన్న నిజాంపట్నం వెళ్తే ఒక తాత పడవ మొనకి పసుపు రాస్తున్నాడు, చెక్క పగుళ్లలోకి కూడా దిగేలా వేలితో నెమ్మదిగా. సముద్రంలో దయ్యాలున్నాయా తాతా అంటే మొహం చిట్లించి, "గంగమ్మ ఉంది, ఇంకెవరుంటారు?" అన్నాడు. చెప్పులతో పడవ ఎక్కబోతే ఆపేశాడు.

అందుకే నా గోతిలో ఉండేది బిడ్డని అక్కడే పోగొట్టుకున్న తల్లి. ఈతకొచ్చిన పిల్లల్ని ఒడ్డుకి తోసేదీ ఆవిడే, రాత్రిపూట ఇసుక లారీ వాళ్ల కాలు పట్టి లాగేదీ ఆవిడే.

నీతో ఒక పని పడింది. మీ అమ్మమ్మది నాగాయలంక కదా, 1977 నవంబరు 19 ఉప్పెన కళ్లారా చూసిన మనిషి. నీళ్లొచ్చే ముందు ఏం వినిపించింది, తర్వాత ఊళ్లో జనం ఏ మొక్కులు మొక్కారు, ఏ చోటికి వెళ్లడం మానేశారు, అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపరా. ఆవిడకి చెప్పాలనిపిస్తేనే సుమా, బలవంతపెట్టకు. కథలో వాడుకుంటే ముందు ఆవిడకే చదివి వినిపిస్తానని చెప్పు. సంక్రాంతికి వస్తే ఇద్దరం హంసలదీవి వెళ్దాం, కృష్ణ సముద్రంలో కలిసే చోట పడవవాళ్లని అడగాల్సినవి బోలెడున్నాయి.