తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

పదకొండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసిన నన్ను, ఒక మధ్యాహ్నం మాదాపూర్‌లోని మా కార్యాలయంలో మీటింగ్ గదికి పిలిచి, సాయంత్రంలోగా నా అంతట నేనే రాజీనామా చేయకపోతే రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు సంస్థ ఇచ్చే పత్రం) రాదని చెప్పారు. చేశాను. ఇంటి వాయిదాలు గుర్తొచ్చిన మనిషి సెక్షన్లు చదవడానికి కూర్చోడు కదా!

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తొలగించకూడదు. అయితే కాగితం మీద అది రాజీనామా అయినప్పుడు తొలగింపే జరగనట్టు లెక్క. చట్టం తలుపు అక్కడే మూసుకుంటోంది.

ఆపై ఉద్యోగం లేని ఖాళీ పద్నాలుగు నెలలకు చేరింది. పీఎఫ్ పాస్‌బుక్‌లో జమ ఆగిన నెల చూడగానే ఇంటర్వ్యూ చేసేవారి ప్రశ్నలు నా పనిని వదిలి ఆ ఖాళీ చుట్టూ తిరుగుతున్నాయి. ప్రసవానంతరం తిరిగి వచ్చే మహిళలకు ఇది పాత అనుభవమే.

మూకుమ్మడి రాజీనామాలు తీసుకున్న సంస్థల నుంచి మీ శాఖ వివరణ కోరాలని, బలవంతపు రాజీనామాపై ఫిర్యాదును ఆన్‌లైన్‌లో స్వీకరించి రసీదు సంఖ్య ఇవ్వాలని, ఉద్యోగాలు వెతుక్కునే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘డీట్’లో విరామం తర్వాత తిరిగి వచ్చేవారికి ప్రత్యేక విభాగం తెరిపించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక టెస్టింగ్ ఇంజనీరు, హైదరాబాద్