సియాటిల్ మేయర్‌కు బహిరంగ లేఖ

మేయర్ గారూ,

2023 జనవరిలో మన నగరంలో రోడ్డు దాటుతున్న కర్నూలు జిల్లా అమ్మాయిని పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో దాని వేగం 74. మరో అధికారి ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్ల చెక్కు రాసిస్తే చాలన్నాడు. సెప్టెంబరులో ఆ వీడియో బయటపడ్డాక జనం రోడ్డెక్కారు.

నవ్వినవాడి ఉద్యోగం 2024 జూలైలో ఊడింది. జనం రోడ్డెక్కకపోతే ఆపాటి కూడా జరిగేది కాదని నా నమ్మకం. కారు నడిపినవాడిపై మాత్రం క్రిమినల్ కేసు పెట్టబోమని ప్రాసిక్యూటర్ ఫిబ్రవరిలోనే తేల్చేశారు.

జనం రోడ్డెక్కితేనే కదలిక రావడం కొత్త కాదు. అలబామా రాష్ట్రంలోని సెల్మాలో 1965 మార్చిలో ఓటుహక్కు కోసం ఊరేగిన నల్లజాతివారు లాఠీదెబ్బలు తింటే ఆగస్టుకల్లా ఓటుహక్కు చట్టం వచ్చింది. అందులో ఆయువుపట్టు లాంటి భాగాన్ని 2013లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తీర్పు తయారైన గదిలోకి ఏ ఊరేగింపూ వెళ్లలేదు కదా!

పోలీసు యూనియన్‌తో ఒప్పందం కుదిరే గదీ అలాంటిదే. అక్కడ మేముండం, మీ మనుషులుంటారు. తప్పుచేసిన అధికారిని శిక్షించే నిబంధనలు బేరంలో జారిపోనివ్వకండి. అత్యవసరమైనా సరే, జనం నడిచే వీధిలో పోలీసు కారు ఎంత వేగం మించకూడదో అంకెల్లో రాయించండి.

ఇట్లు,
ఇక్కడే ఉంటున్న ఒక తెలుగువాడు